గెట్టు మీద మాట

సద్దుల బతుకమ్మ నాడు మా మేనత్త వాళ్ళ ఊళ్ళో చెరువు కట్ట మీద రెండు బతుకమ్మలు ఎప్పుడూ పక్కపక్కనే ఉండేవి. ఒకటి మా అత్తది. రెండోది పక్క చేను వాళ్ళ ఇంటామెది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఊరి వరసన వదినా మరదళ్ళు, అంతే. తంగేడు పువ్వుకు కలిసే పోయేవారు. గునుగు పువ్వుకు రంగు ఒకే గిన్నెలో అద్దేవారు. నాట్లప్పుడు ఈమె మడికి ఆమె, ఆమె మడికి ఈమె.

ఆ తర్వాత ఆరేళ్ళు ఒకరి బతుకమ్మ కట్టకు ఈ చివర, ఇంకొకరిది ఆ చివర.

"ఏమైందత్తా?" అని అడిగితే, "ఏమున్నది బిడ్డా, గెట్టు పంచాయితి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఆ ఒక్క ముక్క చాలు. పట్నంలో పుట్టి పెరిగిన మనబోటి వాళ్ళకే కాస్త విప్పి చెప్పాలి.

మా అత్త వాళ్ళది మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర దగ్గర చిన్న ఊరు. పెద్దవంగర ఒకప్పుడు వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తనే మండల కేంద్రమైంది. వరి, పత్తి, మొక్కజొన్న, మిర్చి పండే నేల. చెరువు కింద కొంత, బావుల కింద కొంత, మిగిలింది చెలక. చిన్న చిన్న కమతాలు. ఒక్కో చేనుకు నాలుగు వైపులా నలుగురు. ఆ నలుగురిలో ఒక్కరితోనైనా మాట లేని ఇల్లు ఊరికి నాలుగైదు ఉండనే ఉంటాయి.

మా అత్త ఇంటి కథ ఇలా మొదలైంది. వానలు పడగానే పక్క చేను ఆయన కిరాయి ట్రాక్టరు పెట్టి రాత్రిపూట దున్నించాడు. పొద్దున మా మామ పోయి చూస్తే గెట్టు సన్నబడింది.

"ఏంది బావా, నా గెట్టు గీకినవ్?"

"నీ గెట్టు ఎట్లయితది? మా అయ్య నాటి సంది అది మాది."

రెండు మాటలకు మూడో మాట తోడైంది. వారం తిరక్కుండా గెట్టు మీది హద్దు రాయి మాయమైంది. తీసింది నువ్వంటే నువ్వన్నారు. ఒకనాడు కర్రలు లేచాయి. మా మామ నుదుటికి నాలుగు కుట్లు. అవతలాయన చెయ్యి విరిగింది. ఇద్దరి మీదా కేసులు. ఆ మీద కోర్టులో దావా. వాయిదా, మళ్ళీ వాయిదా. మా అత్త మెడలోని రెండు తులాల గొలుసు మొదట బ్యాంకులోకి, అక్కడి నుంచి విడిపించి ఇంకా ఎక్కువ ఇచ్చే తాకట్టు దుకాణంలోకి పోయింది.

"ఆ అడుగు నేల మనదో కాదో నాకు తెల్వదు బిడ్డా. గొలుసు మాత్రం నాదే" అనేది అత్త.

నవ్వుతూనే అనేది. కానీ ఈ వ్యాసం రాయాలని నాకు అనిపించింది ఆ మాట వల్లే. తగువు పెట్టుకునేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. గొలుసు అడిగారు.

అడుగు నేల లెక్క

ఇంతకీ ఎంత నేల కోసం ఇదంతా? ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూశాను. మీరూ చూడండి.

తెలంగాణ లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. పాత సర్వే గొలుసు పొడుగు 33 అడుగులు. ఆ గొలుసు నిలువుకు ఒకటి, అడ్డానికి ఒకటి వేస్తే వచ్చే చదరమే గుంట. నలుచదరంగా ఉన్న ఎకరం చేనుకు ఒక్కో పక్క దాదాపు 209 అడుగులు వస్తుంది. పక్కవాళ్ళ నాగలి ఆ పొడుగునా ఒక అడుగు లోపలికి వచ్చిందనుకుంటే పోయేది 23 గజాలు. గుంటలో ఐదో వంతు కూడా కాదు.

మా మామ వాళ్ళ గెట్టు దానికి రెట్టింపు పొడుగు. అంటే 46 గజాలు. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళ పత్తి తీసే చేనులో ఆ 46 గజాలకు వచ్చేది ఏడెనిమిది కిలోలు. ఆరేళ్ళకు అర క్వింటాలు. కోర్టుకు పోయిన బస్సు చార్జీలు కూడా అందులో రావు.

అలాగని రైతును వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. అడుగు పోతే పోనీలే అని ఊరుకుంటే వచ్చే ఏడు ఇంకో అడుగు పోతుందన్న భయం ఉంటుంది. ఊళ్ళో "వీనిది గీకినా ఏమనడు" అన్న పేరు వస్తుందన్న రోషం ఉంటుంది. రోడ్డు పక్క నేలల ధరలు పెరిగాక గుంట అంటే చిన్న మాటా కాదు. మనం మాత్రం? ప్రహరీ గోడ అవతలివాళ్ళ చెట్టు ఆకులు మన వాకిట్లో రాలితే ఎన్ని రోజులు మూతి ముడుచుకుంటాం!

తగువు ఎక్కడ పుడుతుంది?

హద్దు ఒక్కటే కాదు, పొలం పక్కన పొలం ఉన్నప్పుడు తగువుకు వంద దారులు. ఒకరి చేనులోంచి ఇంకొకరి బండి బాట. పై మడి నీళ్ళు కింది మడిలోకి. ఉమ్మడి బావి మీద ఎవరి మోటరు ఎన్ని గంటలు. పక్కవాళ్ళ బోరు లోతుకు పోతే మన బోరు ఎండటం. గెట్టు మీది చెట్టు నీడకు మిర్చి పెరగకపోవడం. గాలివాలున కొట్టిన గడ్డి మందుకు పక్క చేను పత్తి మాడిపోవడం. కొయ్యకాళ్ళకు పెట్టిన నిప్పు గడ్డివాముకు అంటుకోవడం. పంటలో పడ్డ మేకలు. పందుల కోసం అని కట్టిన కరెంటు తీగ అయితే తగువుతో ఆగదు, ప్రాణాలే తీస్తుంది. చట్టం దృష్టిలో అది నేరం. దాని మీద రాజీ గీజీ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, ఆ తీగ పీకాల్సిందే.

ఈ తగువులు కొత్తవి కావు. వాటిని తీర్చే ఏర్పాట్లూ ఉండేవి. పశువులు పంటలో పడితే తోలడానికి ఊరి బందెలదొడ్డి ఉండేది. దానికి 1871 నాటి చట్టమే ఉంది. చెరువు నీళ్ళు వంతుల ప్రకారం పారించడానికి నీరటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు అన్నది ఆయన నోటి మాట. పెద్ద రైతైనా చిన్న రైతైనా తూము దగ్గర ఆయనతో మాట్లాడాల్సిందే. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో సాగునీటి సంఘాల చట్టం తెచ్చి ఆ పని రైతుల సంఘాలకు అప్పగించారు. ఇప్పుడు ఎవరి బోరు వాళ్ళకు, ఎవరి స్టార్టరు డబ్బా వాళ్ళకు వచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడాల్సిన అవసరమే తగ్గింది. అవసరం తగ్గితే అలవాటూ పోతుంది కదా.

హద్దు తగువులకు ఇంకో కారణం కాగితాల్లో ఉంది. నిజాం కాలంలో సర్వే చేసి ప్రతి సర్వే నంబరుకూ టీపన్ అనే కొలతల పటం గీశారు. ఆ తర్వాత మూడు నాలుగు తరాలు పంచుకున్నాయి. అన్నదమ్ములు గెట్లు వేసుకున్నారు గానీ పటం మీద గీతలు గీయించుకోలేదు. కొందరు తెల్లకాగితం మీద సాదాబైనామా రాసుకుని కొన్నారు. పాసుబుక్కు మీద ఎంత భూమి ఉందో ఉంటుంది, అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో ఉండదు. 2020లో ధరణి వచ్చినప్పుడు రెవెన్యూ కోర్టులను తీసేశారు. తగువులు సివిల్ కోర్టు దారి పట్టాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అధికారుల దగ్గర అప్పీలు చేసుకునే వీలు, రికార్డుకు సర్వే పటం జత చేసే ఏర్పాటు ఈ కొత్త చట్టంలో ఉన్నాయి. మంచిదే. కానీ పటం వచ్చినంత మాత్రాన మాట కలుస్తుందా?

పంచాయితీ వేరు, మాట వేరు

"మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయితీలు ఉన్నాయిగా, అదేగా మాట్లాడుకోవడం" అనవచ్చు మీరు. మా మామ వాళ్ళూ కోర్టుకు ముందు పంచాయితీ పెట్టించారు. ఇద్దరూ తలా ఇంత డిపాజిట్ కట్టారు. పెద్దమనుషులు రావిచెట్టు కింద కూర్చున్నారు. ఎవరి వెనక ఎంతమంది నిలబడ్డారో చూశారు. ఇద్దరినీ తిట్టారు, ఇద్దరికీ తప్పు వేశారు, తీర్పు చెప్పారు. ఇంటికి వచ్చేసరికే ఆ తీర్పు ఎవరికీ నచ్చలేదు. డిపాజిట్లు మాత్రం తిరిగి రాలేదు.

అక్కడ మాట్లాడింది పెద్దమనుషులు. తగువు పడ్డవాళ్ళు విన్నారు. మా అత్త అయితే గుడి అరుగు దగ్గర నిలబడి దూరం నుంచి చూసింది. "ఆడోళ్ళకు ఇక్కడ ఏం పని" అన్నారట. అత్త పేరు మీద అర ఎకరం పట్టా ఉంది, అది ఆ గెట్టుకు ఆనుకునే ఉంది! ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కొన్ని చోట్ల ఇలాంటి పెత్తనం ఇంకా ముదిరింది. నిజామాబాద్ వైపు కొన్ని ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలు తమ మాట వినని కుటుంబాలను వెలివేసిన సంగతులు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కిరాణా దుకాణంలో ఉప్పు కూడా అమ్మవద్దని కట్టడి చేస్తే ఆ ఇంటి ఇల్లాలు ఏం కావాలి? అలాంటి 'రాజీ'ని రాజీ అనకూడదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. పెద్దవంగర ఇప్పుడు పాలకుర్తి నియోజకవర్గంలో ఉంది. ఆ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. పండిన పంటను ఎత్తుకుపోవడానికి గుండాలు వచ్చారు. సంఘం వాళ్ళ అండతో ఐలమ్మ ఆ పంటను తన ఇంటికి చేర్చుకుంది. అదే ప్రాంతంలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. ఆ రోజుల్లో ఎవరైనా వెళ్ళి, "ఐలమ్మా, దేశ్‌ముఖ్‌తో కూర్చొని మంచిగా మాట్లాడుకోరాదూ" అని ఉంటే ఎంత అన్యాయంగా ఉండేది! ఒకరి చేతిలో గడీ, రెండో వారి చేతిలో కొడవలి ఉన్నప్పుడు మాటకు చోటు ఉండదు. ముందు చట్టమో సంఘమో బలహీనుల పక్కన నిలబడాలి. మాట్లాడుకోవడం అనేది ఇంచుమించు సమానంగా ఉన్నవాళ్ళ మధ్య పనికొచ్చే మందు. మా మామా, పక్కచేను ఆయనా అలాంటివాళ్ళే. ఇద్దరివీ మూడేసి ఎకరాలు, ఇద్దరికీ అప్పులు.

పార పట్టిన రోజు

మరి ఆరేళ్ళ మౌనం ఎలా విడిచింది? పెద్ద వాన వల్ల.

రెండు చేన్లకూ ఉమ్మడిగా ఒక మురుగు కాలువ ఉండేది. తగువు మొదలయ్యాక దాన్ని ఎవరూ తీయలేదు. మట్టి పూడుకుపోయింది. ఆ ఏడు నాలుగు రోజులు ముసురు పట్టి రెండు చేన్లలోనూ నీళ్ళు నిలిచాయి. ఇంకో రోజు ఉంటే పత్తి వేరు కుళ్ళుతుంది. మగవాళ్ళిద్దరూ ఊళ్ళో లేరు. మా అత్త పార పట్టుకుని పోయింది. గెట్టు అవతల ఆమె కూడా పారతో నిలబడి ఉంది. కాసేపు ఇద్దరూ ఏమీ అనలేదట.

"నువ్వు ఆ దిక్కు నుంచి కొట్టు వదినె, నేను ఈ దిక్కు నుంచి కొడ్త" అన్నది మా అత్త.

ఆరేళ్ళలో మొదటి మాట అది. సారీలూ గీరీలూ ఏమీ లేవు. సాయంత్రానికి నీళ్ళు పోయాయి. గెట్టు మీద కూర్చుని ఒక్క డబ్బాలో సద్ది తిన్నారు. అప్పుడు అడిగింది మా అత్త. "అవునే వదినె, ఆ యేడు రాత్రి పూట ఎందుకు దున్నిచ్చినట్టు?"

ఆమె చెప్పిన జవాబు విని అత్త ఆశ్చర్యపోయింది. అంతకు ముందు ఏడు మా మామ మిర్చి వేసి, మేకలు పడుతున్నాయని చేను మూలకు కంచె కట్టాడు. ఆ మూల నుంచే వాళ్ళ బండి బాట. వాళ్ళ మామ కాలం నుంచీ అక్కడి నుంచే ఎరువు పోయేది, పంట వచ్చేది. కంచె కట్టేటప్పుడు మా మామ ఒక్క మాట చెప్పలేదు. ఆ ఏడంతా వాళ్ళు పత్తి బస్తాలు నెత్తిన పెట్టుకుని మోశారు. "మా ఆయనకు ఆ కడుపు మంట. బాట బంద్ జేసినోనికి గెట్టు ఎందుకని దున్నిచ్చిండు" అన్నదట.

చూశారా! ఆరేళ్ళూ రెండు ఇళ్ళవాళ్ళూ గెట్టు గురించి కొట్లాడారు. అసలు బాధ బాట. పోలీసు కాగితంలో బాట లేదు. కోర్టు దావాలో బాట లేదు. పంచాయితీలో ఎవరూ బాట గురించి అడగలేదు. దావాలో రాయని సంగతి మీద జడ్జి మాత్రం తీర్పు ఎలా ఇస్తారు? బాట సంగతి పైకి రావాలంటే ఆ ఇద్దరూ కూర్చొని, "ఎందుకు" అని అడగాలి, జవాబు పూర్తిగా వినాలి.

తర్వాత పని అంత తేలిగ్గా ఏమీ కాలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే డ్వాక్రా సంఘంలో ఉన్నారు. ఆరేళ్ళూ ప్రతి నెలా ఒకే చాప మీద కూర్చుని, ఒకే పుస్తకంలో సంతకం పెట్టి, ఒకరి మొహం ఒకరు చూడకుండా లేచిపోయేవారు. ఈసారి సంఘం మీటింగులో సంగతి చెప్పారు. సంఘం లీడరు, ఇద్దరికీ వరసైన ఒక రిటైరైన బడిపంతులూ కలిసి మగవాళ్ళను ఒప్పించడానికి రెండు నెలలు తిరిగారు. మా మామ మొదట, "వాడు నా గడప తొక్కొద్దు" అన్నాడు. "గడప వద్దు, గెట్టు మీదికే రా" అన్నారు పంతులుగారు.

గెట్టు మీదే కూర్చున్నారు. ఊరంతా రాలేదు, ఆరుగురే. ఒకరు చెప్తుంటే రెండోవారు నడుమ అందుకోవద్దన్నది ఒక్కటే షరతు. తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. "నీకు ఏం కావాలె?" అని అడిగారు. మా మామకు హద్దు రాళ్ళు కావాలి. ఆయనకు బాట కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదని ఆ పూట వరకూ ఎవరికీ తోచలేదు!

సర్వేయరు ఖర్చు చెరిసగం పెట్టుకున్నారు. ఇద్దరి ఎదుటా గొలుసు పడింది. గీత ఎవరు అనుకున్నట్టూ రాలేదు. ఒక చివర మా మామ వైపు రెండడుగులు జరిగింది, ఇంకో చివర అవతలి వైపు అడుగున్నర. రాళ్ళు పాతారు. గెట్టు పొడుగునా చెరి ఐదడుగులు వదిలి పదడుగుల బాట వేశారు. బాట పక్కన మురుగు కాలువ. మా మామ వదిలిన ఐదడుగులు తగువు పడ్డ అడుగుకు ఐదింతలు. అడిగితే, "బాట మీద నా ట్రాక్టరు గూడ పోతది గదా" అంటాడు. ఇప్పుడు కూడా రాయి తీసింది ఎవరో తేలలేదు. దాని గురించి ఎవరూ అడగరు.

అన్నీ సర్దుకున్నాయా అంటే, లేదు. చిన్నప్పుడు కలిసి బడికి పోయిన ఇద్దరి పిల్లలు పెద్దవాళ్ళై చెరో ఊరూ పట్టిపోయారు. వాళ్ళ మధ్య పాత స్నేహం తిరిగి రాలేదు. గొలుసు కూడా ఇంకా రాలేదు.

మాటకు కాగితం తోడు

ఒక్క మాట. నోటిమాటతో కుదిరింది కదా అని వదిలేస్తే వచ్చే తరానికి అదే తగువు. భూదాన ఉద్యమం సంగతే చూడండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే, అక్కడే కూర్చున్న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. మాటతో భూమి చేతులు మారిన అంత గొప్ప ఘట్టం మళ్ళీ లేదు. కానీ ఆ తర్వాత చాలా చోట్ల భూదాన భూములకు హద్దులు, రికార్డులు సరిగా లేక అవే తగువుల్లో పడ్డాయి.

అందుకే మా అత్త వాళ్ళు కుదిరినదంతా రాసుకున్నారు. కొలతలతో సహా. మగవాళ్ళతో పాటు ఇద్దరు ఆడవాళ్ళూ సంతకాలు పెట్టారు. ఆ కాగితంతో లోక్ అదాలత్‌కు వెళ్ళి దావా ముగించుకున్నారు. రాజీకి వీలున్న కొట్లాట కేసులూ అక్కడే పోయాయి. ఇక్కడ మనందరం తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు ఉండదు. దావాకు కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. దావా వేయకముందే కూడా తగువును అక్కడికి తీసుకుపోవచ్చు. అదే చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఇల్లాలైనా, ఉద్యోగం చేస్తున్నా, కూలికి పోతున్నా సరే. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. మా అత్తకు ఈ సంగతి మొదటే తెలిసి ఉంటే గొలుసు మెడలోనే ఉండేదేమో.

2023లో కేంద్రం మధ్యవర్తిత్వ చట్టం చేసింది. విడతలవారీగా అమల్లోకి తెస్తున్నారు. ఇరుగుపొరుగు మధ్య శాంతిని చెడగొట్టే తగువులను ఇద్దరి ఒప్పుదలతో ముగ్గురు మధ్యవర్తుల ముందు మాట్లాడుకునే పద్ధతి అందులో ఉంది. అయితే అక్కడ కుదిరిన ఒప్పందాన్ని కోర్టు డిక్రీలా అమలు చేయించలేం. ఇష్టపడి కుదుర్చుకున్నది ఇష్టంతోనే నిలబెట్టుకోవాలి.

ఇదేదో మన దగ్గరే ఉన్న ఆలోచన కాదు. డెన్మార్క్, నార్వేలు ఒకే రాజ్యంగా ఉన్న 1795లోనే అక్కడ రాజీ మండలులు పెట్టారు. నార్వేలో అవి ఇప్పటికీ ఉన్నాయి. లాయర్లు కాని ముగ్గురు మామూలు పౌరులు కూర్చుని ఇద్దరినీ కలిపి మాట్లాడిస్తారు. ఫిలిప్పీన్స్‌లో 1978 నుంచీ ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళ చిన్న తగువులు చాలా వరకు ముందు ఊరి రాజీ సభకు పోవాల్సిందే. అక్కడ కుదరకపోతేనే కోర్టు.

ఆడవాళ్ళను పిలవండి

మన దగ్గరా ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో మొదలైన వెలుగు పథకం, తర్వాత ఇందిరా క్రాంతి పథం కింద మహిళా సమాఖ్యల్లో సామాజిక కార్యాచరణ కమిటీలు ఏర్పడ్డాయి. భార్యాభర్తల గొడవలు, కట్నం వేధింపుల వంటివి ఆ కమిటీల ఆడవాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడేవారు. పేదల భూమి సమస్యలు చూడడానికి పల్లె యువతకు శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా పెట్టారు. అంటే ఇటు గొలుసు పట్టేవాళ్ళు, అటు మాట కలిపేవాళ్ళు ఒకే సంఘం అండన ఉన్నారన్నమాట. పొదుపు లెక్కలు తప్పకుండా రాసే ఆడవాళ్ళు గెట్టు కొలతలు రాయలేరా?

పొలంలో కలుపు తీసేది, నాటు వేసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే. గెట్టు ఎక్కడ వంగిందో, నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో, పక్కింటి వాళ్ళకు ఏ కడుపు మంట ఉందో వాళ్ళకు తెలుసు. పంచాయితీకి మాత్రం పిలవరు. ఆడవాళ్ళు వస్తే గొడవ ఎక్కువవుతుందని ఒక సాకు. నిజానికి ఆడవాళ్ళూ తక్కువేం తిట్టుకోరు! మా అత్తా ఆమె కూడా ఆ ఆరేళ్ళలో బావి దగ్గర శాపనార్థాలు పెట్టుకున్నవాళ్ళే. అయినా మురుగు కాలువ తీయాల్సిన రోజున పార పట్టింది కూడా వాళ్ళే.

మీకు ఊళ్ళో పొలం ఉంటే, పుట్టింటి వాళ్ళకో అత్తింటి వాళ్ళకో ఇలాంటి తగువు ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కసారి కదిపి చూడండి. ఈ కింది మాటలు మా అత్త అనుభవంలోంచి ఏరి పెట్టినవి.

– కోపం మీద ఉన్న రోజున మాట్లాడవద్దు. పంట చేతికి వచ్చాక, పనులు తగ్గాక మంచి రోజు చూసుకోండి.

– మోకా మీదే కూర్చోండి. ఇంట్లో చెప్పేది వేరు, గెట్టు మీద నిలబడి చూపించేది వేరు.

– ఎక్కువమందిని పోగేయకండి. మంది పెరిగితే పరువు ముందుకు వస్తుంది, పని వెనక్కి పోతుంది.

– "ఎవరిది తప్పు" అని కాక "నీకేం కావాలి" అని అడగండి. మొదట చెప్పింది అసలు బాధ కాకపోవచ్చు. ఇంకోసారి అడగండి.

– కొలత ఇద్దరి ఎదుటా జరగాలి, ఖర్చు ఇద్దరూ పంచుకోవాలి. ఒకరే పిలిపించిన సర్వేయరును రెండోవారు నమ్మరు.

– పట్టాలో ఎవరి పేరు ఉందో చూసి, వాళ్ళందరి సంతకాలూ తీసుకోండి. ఆడవాళ్ళ పేరు ఉంటే వాళ్ళను తప్పకుండా కూర్చోబెట్టండి.

– కొట్టడం, బెదిరించడం, వెలివేయడం ఉన్నచోట రాజీ కోసం వెంపర్లాడకండి. ముందు రక్షణ, చట్టం. మాట తర్వాత.

పోయిన సద్దుల బతుకమ్మకు నేను మా అత్త దగ్గరే ఉన్నాను. పొద్దున్నే వాళ్ళ వదిన వచ్చి, "తంగేడుకు పోదాం, లే" అని పిలిచింది. ఇద్దరూ కొత్త బాట మీదుగా పోయారు. వచ్చేటప్పుడు మా అత్త చేతిలో పూలతో పాటు ఒక చిన్న మూట ఉంది. ఏమిటని అడిగితే, "వాళ్ళ చేన్ల పెసరుకాయ. మంచిగ కాసింది" అన్నది.

సాయంత్రం చెరువు కట్ట మీద రెండు బతుకమ్మలూ పక్కపక్కనే పెట్టారు. అత్త మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. "గొలుసు ఎప్పుడు విడిపిస్తారు మామా?" అని నేను అడిగితే మా మామ పత్తి చేను వైపు చూసి, "ఈ యేడు" అన్నాడు. పక్కన నిలబడ్డ ఆయన, "నా బండి ఉన్నది బావా, మార్కెట్‌కు కలిసే పోదాం" అన్నాడు.